ఒంటిచేతి టీ పార్టీ

నేను రిటైరు కావడానికి మూడేళ్ళ ముందు, ఒక సెప్టెంబరు మొదటివారంలో, మలయ్ దేశంలోని ఇపో ఊళ్ళో నేను పనిచేసే హోటలు బాంక్వెట్ వంటగదికి ఒక ఫంక్షన్ షీటు వచ్చింది. హోటళ్ళలో ఏ విందుకైనా ఆ షీటే ఆధారం. ఎవరి విందు, ఏ హాలు, ఎన్నింటికి, ఎంతమంది, ఏం వడ్డించాలి, ఏం వడ్డించకూడదు, అన్నీ అందులో రాసి ఉంటాయి. అందులో లేనిది వంటగదిలో జరగదు. ఆ షీటులో ఇలా ఉంది: నెలాఖరు శనివారం, మధ్యాహ్నం మూడున్నర, టీ పార్టీ, నూటపది మంది. శాండ్‌విచ్‌లు, చేత్తో పట్టుకుని తినే చిరుతిళ్ళు. కుర్చీలు కొన్నే, ఎక్కువమంది నిలబడి తింటారు. సందర్భం, ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సులందరికీ పెద్దగా పనిచేసి రిటైరైన ఒక మేట్రన్ ఎనభయ్యో పుట్టినరోజు.

అప్పటికి నేను కోల్డ్ కిచెన్‌లో సూ చెఫ్‌ని. పొయ్యి అవసరం అంతగా లేని పనులన్నీ కోల్డ్ కిచెన్‌వి: సలాడ్లు, శాండ్‌విచ్‌లు, కోసిన పండ్లు, చల్లగా వడ్డించే మాంసం, చేపలు. ఆ విభాగంలో నా మాటే చివరిమాట. నా మీద ఎగ్జిక్యూటివ్ చెఫ్ ఒక్కరే, ఆయన పేరు లిమ్. నా పేరు సత్యవతి. హోటల్లో అందరికీ చెఫ్ సత్యని. పుట్టింది సుంగై సిపుట్ దగ్గర రబ్బరు తోటలో. మా తాతలది విశాఖపట్నం పక్క ఊరని విన్నానే తప్ప చూడలేదు. పందొమ్మిదేళ్ళకు ఇపో వచ్చి గిన్నెలు కడిగే పనిలో చేరాను. ఈ షీటు వచ్చేనాటికి ఇరవై ఎనిమిదేళ్ళుగా శాండ్‌విచ్‌లు కోస్తున్నాను.

టీ పార్టీ అంటే తేలికపని అని బయటివాళ్ళు అనుకుంటారు. అన్నం, కూర, పొయ్యి లేవు కదా అని. నిజానికి పెళ్ళిభోజనం కన్నా లెక్క ఎక్కువ దీనికే. తర్వాత రాత్రి భోజనం ఉంటే మనిషికి ఐదు ముక్కలు చాలు. లేకపోతే ఏడు, ఎనిమిది కావాలి. అందులో సగం శాండ్‌విచ్‌లు, మిగతా సగం కారంగా ఒకటి రెండు, తీపిగా ఒకటి రెండు. మా వంటగది హలాల్ కాబట్టి పంది మాంసం, మద్యం గడప దాటవు. హిందువులు వస్తారంటే గొడ్డుమాంసం పెట్టం. చీనా శాకాహారులకు ఉల్లి, వెల్లుల్లి కూడా పనికిరావు. మనవాళ్ళలో కొందరికి గుడ్డు పనికిరాదు, కనుక వాళ్ళ మయొనీజ్ వేరే. ఇవన్నీ వేరే బల్ల మీద, వేరే కత్తితో కోయాలి. రొట్టె అంచుదాకా వెన్న రాయాలి; రాయకపోతే కీరదోసకాయ నీరు రొట్టెలోకి దిగి మెత్తబడిపోతుంది. కోసినవాటి మీద తడిపి పిండిన గుడ్డ కప్పాలి. కప్పకపోతే పావుగంటలో అంచులు అట్టలవుతాయి. ఇదంతా నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. అందుకే ఆ షీటు మీద పది నిమిషాల్లో మెనూ రాసి పంపించేశాను.

మర్నాడు మేట్రన్ గారి కూతురు నన్ను చూడాలని వచ్చింది. పేరు రేవతి, నలభై దాటిన మనిషి, ఒక కాలేజీలో లైబ్రేరియన్. ఇంగ్లీషులో మొదలుపెట్టి, కోటు మీద నా పేరు చదివి ఆగింది.

"అక్కా, మీరు తెలుగా?"

అవునన్నాను. ఆమె భుజాలు కొంచెం కిందికి దిగాయి. తమిళం, తెలుగు కలిపి చెప్పడం మొదలుపెట్టింది.

పదిహేను నెలల క్రితం వాళ్ళమ్మకు పక్షవాతం వచ్చింది. కాలు కోలుకుంది, మాట కోలుకుంది. కుడిచెయ్యి కోలుకోలేదు. ఇంట్లో ఎడమచేత్తో చెంచాతో తింటుంది, ఎవరూ చూడకుండా. కిందటేడు గుడిలో అన్నదానానికి వెళ్ళినప్పుడు అన్నం ఒళ్ళో పడింది. దగ్గరి చుట్టం ఒకావిడ పరిగెత్తుకుని వచ్చి, పప్పన్నం కలిపి, అందరి ముందూ ముద్ద నోటికి అందించింది. ముప్ఫై ఆరేళ్ళు వార్డుల మీద పెత్తనం చేసిన మనిషి. అంతమంది చూస్తున్నారని ఆ ఒక్క ముద్దా మింగి, ఇంటికి వెళ్ళింది. తర్వాత ఎక్కడికీ వెళ్ళలేదు.

"పెళ్ళికి పిలిస్తే రాదు, గుడికి పిలిస్తే రాదు. టీ అయితే వస్తానని ఒప్పుకున్నాది అక్కా. ఆ ఒక్క మాట పట్టుకుని వచ్చినాను. ఇక్కడ కూడా అలాగైతే మరి ఇల్లు కదలదు."

నేను వృత్తిలో అలవాటైన మాట అన్నాను: ఆమెకు వేరే ప్లేటు సిద్ధం చేస్తాం అని. రేవతి గట్టిగా తల ఊపింది. వేరే ప్లేటు అంటే వేరే మనిషి అని అర్థం, అది వద్దు. అందరూ తినేదే ఆమె తినాలి, అందరూ తిన్నట్టే తినాలి. ఇంకో మాట కూడా చెప్పింది: ఈ సంగతి నాతో చెప్పినట్టు అమ్మకు తెలీకూడదు, తెలిస్తే ఆ రోజు రాదు. మింగడం సంగతి అడిగాను. ఇబ్బంది లేదని చికిత్స చేసేవాళ్ళు చెప్పారట, కానీ పొడిపొడిగా రాలేవి తింటే దగ్గు వస్తుందట. అది షీటు మీద రాసుకున్నాను. మిగతాది రాయలేదు. ఏమని రాయాలో తెలియలేదు.

సోమవారాలు బాంక్వెట్ వంటగదిలో పని తక్కువ. ఆ సోమవారం పొద్దున్నే నా కుడిచేతిని వెనక్కి పెట్టి, ఏప్రన్ తాడుతో నడుముకు కట్టమని కక్ రొహానీని అడిగాను. కక్ అంటే మలయ్‌లో అక్క. మా పేస్ట్రీ విభాగంలో ఆవిడ పాతికేళ్ళుగా ఉంది; నాకన్నా పెద్దది. నాకు మతిపోయిందని నవ్వింది, అయినా కట్టింది. నేను రాసిన మెనూలో ఉన్నవన్నీ రెండేసి చేయించి, ఎడమచేత్తో తినడం మొదలుపెట్టాను.

మూల నుంచి మూలకు కోసిన శాండ్‌విచ్ చూడటానికి బాగుంటుంది. ఎత్తగానే దాని కొస వంగి, లోపలి గుడ్డు ముద్ద కోటు మీద పడింది. దోసకాయ చక్రాలు కొరికితే తెగవు. మొత్తం చక్రం జారి బయటికి వచ్చి గడ్డం మీద వేలాడింది. స్కోను చిన్న గుండ్రటి రొట్టె, దాన్ని విప్పి జామ్ రాయాలంటే ఒక చెయ్యి దాన్ని పట్టుకోవాలి. కప్‌కేకు చుట్టూ ఉన్న కాగితం ఒంటిచేత్తో ఊడదీయడం నావల్ల కాలేదు, పళ్ళతో పీకాను. కరిపాప్ అంటే బంగాళాదుంప కూర పెట్టిన మా కజ్జికాయ. పొరలపిండితో చేసింది కావడంతో ఒళ్ళంతా రాలింది. ఒండె-ఒండె అనే బియ్యప్పిండి ఉండలు ఉంటాయి, లోపల తాటిబెల్లం పాకం. సగం కొరికితే పాకం ముంజేతి దాకా కారింది. చివరికి టీ. కప్పు, సాసరు, ప్లేటు, మూడూ పట్టుకోవడానికి రెండు చేతులున్న మనిషికే కష్టం. ఇక పంచదార పొట్లం చించడానికి పోతే సగం పంచదార నేలమీద.

మధ్యాహ్నానికి నా మెనూలోని తొమ్మిదింటిలో ఆరు కొట్టేశాను. నిజం చెప్పాలంటే నాకు సిగ్గేసింది. వాటిని చేత్తో తినేవి అని ఇన్నేళ్ళుగా షీటుమీద రాస్తూనే ఉన్నాను.

కొత్త మెనూ ఇలా కుదిరింది. శాండ్‌విచ్‌లన్నీ వేలి వెడల్పున పొడుగు ముక్కలు, మూలలు లేవు. దోసకాయ కాగితమంత పల్చగా గీరి, ఉప్పేసి నీరు పిండి, క్రీమ్ చీజ్‌లో అద్దింది. కోడిమాంసం సన్నగా తరిగి కూరపొడితో కలిపింది. గుడ్డు శాండ్‌విచ్ మెత్తగా, కానీ జారకుండా. పంచదార పొట్లాలకు బదులు బిళ్ళలు. టీ పెద్ద పిడి ఉన్న కప్పుల్లో, ముప్పాతిక వరకే. ప్లేటు పెట్టుకోవడానికి ప్రతి నలుగురికీ ఒక ఎత్తు బల్ల. కప్‌కేకులు, కరిపాప్, ఒండె-ఒండె లేవు.

చెఫ్ లిమ్ ఆ కాగితం చూసి మొహం ముడుచుకున్నారు. మూడంతస్తుల స్టాండ్లు ఏవి, పొరల పేస్ట్రీలు ఏవి, ఇది చూస్తే ఆసుపత్రి క్యాంటీనులా ఉంది, అతిథులు ఫోటోలు తీసుకునేది ఏముంది అని అడిగారు. రేవతికి మాటిచ్చాను కాబట్టి కారణం చెప్పలేదు. విందు ఇచ్చేవాళ్ళ కోరిక అని మాత్రమే అన్నాను. ఆయన సంతకం పెట్టారు, కానీ అందం తగ్గితే బాధ్యత నాదేనని పక్కన రాసి మరీ పెట్టారు.

పార్టీకి పదిరోజుల ముందు రుచి చూసే రోజు. పెద్ద విందులకు ముందుగా విందు ఇచ్చేవాళ్ళని పిలిచి మెనూలో ఉన్నవి ఒక్కొక్కటి తినిపించడం మా పద్ధతి. రేవతి ఒక్కతే వస్తుందనుకున్నాను. వాళ్ళమ్మ సూరమ్మగారు కూడా వచ్చింది. పొట్టి మనిషి, బూడిదరంగు చీర, కుడిచేతి మీదుగా కప్పిన కొంగు. గదిలోకి అడుగుపెడుతూనే కిటికీ అద్దం మీద వేలి ముద్రలు చూసింది, తర్వాత నా గోళ్ళు చూసింది.

"నా పండక్కి ఏటి పెడతారో నానే సూడాలి కదా" అంది.

కూర్చుంది కానీ ఏదీ ముట్టలేదు. ఫ్రిజ్జులో ఎంత చల్లదనం ఉంచుతారు, కోసిన తర్వాత ఎంతసేపు బయట పెడతారు అని అడిగింది. బయట పెట్టినవి నాలుగు గంటలు దాటితే పారేస్తామని చెప్పాను. తల పంకించింది. ఈలోగా హాలు అలంకరణ చూడటానికి సేల్స్ ఆఫీసువాళ్ళు రేవతిని పిలిచారు. ఆమె బయటికి వెళ్ళగానే సూరమ్మగారు నావైపు తిరిగింది.

"ఏటమ్మా, నా కూతురి కప్పు కుడిపక్క పెట్టినావు. నాది ఎడమపక్క పెట్టినావు. ఎవులు సెప్పినారు నీకు?"

నేను గమనించనే లేదు. నా చేతులు వాటంతటవే అలా సర్దేశాయి. అబద్ధం ఒకటి నోటిదాకా వచ్చింది గానీ, ఆ కళ్ళ ముందు చెప్పలేకపోయాను. రేవతి చెప్పిందని ఒప్పుకున్నాను.

ఆవిడ బల్ల మీద ఎడమచెయ్యి ఆనించి లేచి నిలబడింది.

"నాను పేషెంటునా, పార్టీకి వచ్చిన మనిషినా? ఏదో ఒకటి తేల్సుకోండి మీరిద్దరూను."

అప్పుడు నాకు దాచేది ఏమీ మిగల్లేదు. "తప్పైపోనాది అమ్మా," అన్నాను. మా ఇంటి మాట, హోటల్లో ఎప్పుడూ వాడని మాట, తనంతట అదే వచ్చింది. "ఈ సెయ్యి నడుంకి కట్టుకుని ఎడమసేత్తో తిని సూసినాను. నాను ఇన్నేళ్ళు సేసిన తిండిలో సగం ఒంటిసేత్తో తిననేనిదని ఆ రోజే తెలిసింది."

"ఎంతసేపు కట్టుకున్నావు?"

"పొద్దుట్నించి మద్దేన్నం దాకా."

"నాది పదిహేను నెలలు" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. నర్సు ఒక సంఖ్య రాసుకుంటున్నట్టు చెప్పింది. తర్వాత కూర్చుని, "తలుపు మూయ్" అంది.

మూశాను. ఆవిడ కొంగు తీసి భుజాన వేసుకుంది. ఎడమచెయ్యి చాచి మొదటి శాండ్‌విచ్ తీయబోయింది. ప్లేటు జరిగింది. ముక్క పక్కకి పడిపోయింది.

"సూసినావా? ప్లేటు కింద తడిగుడ్డ ఎయ్. జారదు. వార్డులో ట్రేల కింద అలాగే ఏసీవోలం. ముక్కలు పరిసి పెట్టకు, ఒకదాని మీదొకటి ఆనించి నిలబెట్టు. పరిసిందాన్ని పైనుంచి తియ్యాలంటే వేళ్ళు రెండూ బలంగా ఉండాల. నిలబెట్టిందాన్ని ఊరికే లాగీవొచ్చు."

నేను రాసుకున్నాను. ఆవిడ ఒక్కొక్కటే తింది. దోసకాయది బాగుందంది. కోడిమాంసం ఎండిపోయింది, ఇంకొంచెం తడి కావాలంది. కాగితం న్యాప్‌కిన్లు ఒద్దు, గాలికి ఎగిరిపోతాయి, గుడ్డవి పెట్టమంది. గుడ్డు శాండ్‌విచ్ రెండోసారి తీసుకుంది. ఒకటి ఒళ్ళో పడితే తీసి పక్కన పెట్టి, ఇంకొకటి తీసుకుంది. తర్వాత బల్లంతా ఒకసారి చూసి అడిగింది:

"కరిపాప్ ఏదీ?"

పొరలు రాలుతాయని తీసేశానని చెప్పాను.

"నాకు రాలిపోద్దని నూటపది మందికి కరిపాప్ మానిపించీసినావా? కరిపాప్ నేకుండా అదేం టీ? నానే లెగిసి ఎల్లిపోతాను లా!"

మాట చివర మా మలయ్ 'లా' కూడా తగిలించేసరికి నేను నవ్వాపుకోలేకపోయాను. ఆవిడా నవ్వింది. ఏదో చేస్తానని మాటిచ్చాను. వెళ్ళేముందు ఒక షరతు పెట్టింది: తనకు తెలుసన్న సంగతి రేవతికి తెలీకూడదు. "పాపం, నాకు తెలీకుండా సేత్తన్నాననుకుంటాది. దాన్ని అలాగే అనుకోనీ."

ఆ తర్వాత పదిరోజులూ నాకు రెండు ఫోన్లు వచ్చేవి. అమ్మకు అనుమానం రాలేదు కదా అని కూతురు. కూతురికి అనుమానం రాలేదు కదా అని తల్లి. ఇద్దరికీ లేదనే చెప్పాను. తల్లికి ఉన్నది అనుమానం కాదు, తెలియడమే; కనుక ఇద్దరికీ చెప్పింది నిజమే.

కరిపాప్ సంగతి కక్ రొహానీ తేల్చింది. పొరల పిండికి బదులు వెన్న తగ్గించిన గట్టి పిండి, బొటనవేలంత సైజు, ఒక్క నోటికి సరిపోయేలా. అంచు మడత సన్నగా అల్లి, దోరగా వేయించింది. అంత చిన్నవాటికి అల్లిక వేయడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు. ఒక్క పొర కూడా రాల్లేదు. చెఫ్ లిమ్ ఒకటి నోట్లో వేసుకుని, వెంటనే రెండోది వేసుకున్నారు.

పార్టీ రోజు పొద్దున పదకొండుకి రొట్టె కోయడం మొదలుపెట్టాం. శాండ్‌విచ్‌కి ఆ రోజు కాల్చిన రొట్టె పనికిరాదు, కత్తి కింద నలిగిపోతుంది. ముందురోజుది తెప్పించి చల్లబెట్టి ఉంచాను. నింపిన తర్వాతే అంచులు కోస్తే ముక్క పక్కలు నీటుగా వస్తాయి. నూటపది మందికి పదిశాతం అదనంగా చేయడం మా నియమం. రెండుంబావుకల్లా శాండ్‌విచ్‌లన్నీ ఫ్రిజ్జులో తడిగుడ్డల కింద వరసగా ఉన్నాయి. ట్రేల కింద, ప్లేట్ల కింద తడిపి పిండిన గుడ్డలు వేయించాను. నాకు తృప్తిగా ఉంది.

రెండు ముప్పావుకి హాలు కెప్టెన్ వంటగదిలోకి పరిగెత్తుకొచ్చాడు. జార్జ్ టౌన్ నుంచి ఒక బస్సు వచ్చిందని, అందులో నలభైమంది దిగారని చెప్పాడు. ఎప్పుడో సూరమ్మగారి దగ్గర నర్సు పని నేర్చుకున్నవాళ్ళు. ఎవరి ద్వారానో విన్నారు, పిలుపు కోసం ఆగలేదు. మా అదనం పోను ముప్ఫైమందికి తిండి తక్కువ పడుతుంది.

చెఫ్ లిమ్ వెంటనే దారి చెప్పారు. పక్క హాలులో పెళ్ళికి చేసిన, పుల్లలకు గుచ్చి కాల్చిన సాతే మాంసం, కాగితపు కప్పుల కేకులు మిగిలేలా ఉన్నాయి, అవి పంపించేద్దాం. ఏ రోజైనా అది సరైన దారే, నేనూ అదే చెప్పేదాన్ని. ఆ రోజు మాత్రం వద్దన్నాను.

"ఎందుకు?" అన్నారు ఆయన.

ఇక చెప్పక తప్పలేదు. పుల్ల మీది మాంసం లాగడానికి, కాగితం ఊడదీయడానికి రెండు చేతులు కావాలని, పుట్టినరోజు మనిషికి ఉన్నది ఒక్కటేనని, ఆవిడ ముందు ఆవిడ తినలేనివి పెడితే ఈ మెనూ అంతా దండగేనని రెండు వాక్యాల్లో చెప్పాను. లిమ్ గోడ గడియారం వైపు చూశారు. నలభై నిమిషాలు. "రొట్టె ఉందా?" అని అడిగారు.

ఉన్నది మర్నాటి అల్పాహారం టోస్టు రొట్టె. ముక్కలు చాలా మందం. రెండు కలిపితే నోట పట్టవు. కక్ రొహానీ ఒక ముక్క తీసి, అంచులు కోసేసి, అప్పడాల కర్రతో ఒత్తి పల్చగా చేసింది. చూడగానే అర్థమైంది. సార్డిన్ డబ్బాలు తెరిచాం. ముళ్ళు ఏరి, చేపను నిమ్మరసం, సన్నగా తరిగిన పచ్చిమిరపకాయ, కొంచెం మయొనీజ్ వేసి మెదిపాను. ఒత్తిన రొట్టెకు అంచుదాకా వెన్న, దానిమీద సార్డిన్ పల్చగా, ఆపైన చాపలా చుట్టి, మడత కిందికి వచ్చేలా పెట్టి, సగానికి కోయడం. శాకాహారులకు మిగిలిన దోసకాయ, క్రీమ్ చీజ్ వేరే బల్ల మీద. రొహానీ ఒత్తుతోంది, నేను చుడుతున్నాను. పక్కనుంచి కత్తి చప్పుడు వినిపిస్తే తలెత్తాను. చెఫ్ లిమ్ పొడుగు టోపీ తీసి పక్కన పెట్టి, కోస్తున్నారు. ఆయన శాండ్‌విచ్ కోయగా నేను చూడటం అదే మొదలు. చాలా తిన్నగా కోశారు.

మూడూ ఇరవై ఐదుకి నూట ఇరవై చుట్టలు ట్రేల్లోకి ఎక్కాయి.

వంటవాళ్ళు హాలులోకి వెళ్ళే ఆనవాయితీ లేదు. సర్వీసు తలుపుకి ఉన్న గుండ్రటి అద్దంలోంచి చూశాను. సూరమ్మగారు కిటికీ పక్క ఒక కుర్చీలో కూర్చుని ఉంది. చుట్టూ మూడు వరసల మనుషులు: మలయ్ ఆడవాళ్ళు, చీనా ఆడవాళ్ళు, మనవాళ్ళు, ఎక్కువమంది అరవై దాటినవాళ్ళే. మొదటి పావుగంట ఆవిడ టీ మాత్రమే తాగింది. రేవతి కొంచెం దూరంలో నిలబడి, తన ప్లేటులోది తాను తినకుండా అమ్మనే చూస్తోంది. నేనూ అంతే.

తర్వాత ఆవిడ ఎడమచెయ్యి చాచింది. ట్రేలో నిలబెట్టిన వరసలోంచి ఒక గుడ్డు శాండ్‌విచ్ లాగింది. ఎవరితోనో మాట్లాడుతూనే రెండు కొరుకుల్లో తినేసింది. తర్వాత ఒక కరిపాప్. తర్వాత సార్డిన్ చుట్ట ఒకటి తీసుకోబోతే అది వేళ్ళ మధ్య నుంచి జారి నేలమీద పడింది.

రేవతి ఒక అడుగు ముందుకు వేసింది. నా చెయ్యి తలుపు మీదికి వెళ్ళింది.

సూరమ్మగారు కింద పడినదాన్ని ఒక్కసారి చూసి, ఇంకొకటి తీసుకుంది. అంతే. మాట కూడా ఆపలేదు. పక్కన కూర్చున్న చీనా నర్సు ఒకావిడ అప్పటికే రెండు కింద పడేసుకుంది, కీళ్ళవాతంతో ఆవిడ వేళ్ళు వంకర్లు పోయి ఉన్నాయి. ఇంకొకావిడ చేతిలో కప్పు వణుకుతోంది. హాలు నిండా అలాంటి చేతులే. వాళ్ళందరూ తింటున్నారు. ఎవరూ ఎవరి చేతివైపూ చూడటం లేదు. రేవతి వెనక్కి అడుగు వేసి, తన ప్లేటులోది తినడం మొదలుపెట్టింది.

ఐదు దాటాక సూరమ్మగారు నన్ను హాలులోకి పిలిపించింది. చెఫ్ లిమ్‌ని, రొహానీని కూడా తీసుకెళ్ళాను. ఆవిడ వాళ్ళిద్దరికీ మలయ్‌లో ధన్యవాదాలు చెప్పింది. నాతో మాత్రం తెలుగులో అంది:

"అవేటి, ఆ పొడుగువి? సుట్టల్లాగున్నాయి? మా మామ్మ తోటలో కూకోని సుట్ట కాల్సీది. నాను సుట్టలు తినీసినాను. ఎన్ని తిన్నానో నెక్క నేదు."

రేవతి నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. ఆవిడ ఏమందని లిమ్ అడిగితే, మీరు బాగా కోశారంటున్నారని చెప్పాను. ఆయన సంతోషించారు. ట్రేల్లో తొమ్మిది ముక్కలు మిగిలాయి. బయట పెట్టి నాలుగు గంటలు కాలేదు కాబట్టి మేం ముగ్గురం తినేశాం.

మూడు నెలల తర్వాత మా హోటల్లోనే వాళ్ళ చుట్టాల పెళ్ళి జరిగింది. సూరమ్మగారు వచ్చింది. భోజనాల హాలులో మధ్య బల్ల దగ్గర కూర్చుని ఎడమచేత్తో చెంచా పట్టుకుని అన్నం తింది. ఎవరో సాయం చేయబోతే "ఒగ్గీ, నాను తింతాను" అందని వడ్డించినవాళ్ళు వచ్చి చెప్పారు. రేవతికి ఆ రహస్యం ఎప్పటికైనా తెలిసిందో లేదో నాకు తెలియదు. నేను చెప్పలేదు.

ఆ తర్వాత నా పని పద్ధతిలో ఒక మార్పు వచ్చింది. చేత్తో తినేవి అని షీటులో ఉంటే ప్రతిదాన్నీ ఒక చేత్తో, నిలబడి తిని చూసిన తర్వాతే మెనూలో చేర్చేదాన్ని. చెఫ్ లిమ్ దాన్ని విభాగం మొత్తానికి నియమం చేశారు. అందం తగ్గిందని ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

కానీ నేను నేర్చుకున్న అసలు సంగతి అది కాదు. ఆవిడ కోసమని రేవతీ, నేనూ ఆవిడకు తెలియకుండా ఎన్నో ఆలోచించాం. చెయ్యి కట్టుకుని కూడా చూశాను. అయినా ప్లేటు జారుతుందని నాకు తట్టలేదు, ముక్కలు నిలబెట్టాలని తట్టలేదు, కరిపాప్ కావాలని అసలే తట్టలేదు. తలుపు మూసి ఆవిడనే అడిగిన గంటలో అన్నీ తేలిపోయాయి. తినే మనిషికి ఏం కావాలో తినే మనిషినే అడగాలి. ఇన్నేళ్ళ వృత్తిలో ఇంత చిన్న మాట నాకు ఎనభై ఏళ్ళ మేట్రన్ చెబితే గానీ తెలియలేదు.